పత్తి చెక్క వేశాక లైసిన్ లెక్క కుదిరినా బరువు రావట్లేదు, ఎందుకు?

ప్రశ్న:
బ్రాయిలర్ ఫినిషర్‌లో (మాంసం కోళ్ల చివరి దశ దాణా) టన్నుకు 100 కిలోల సోయా డీఓసీ (నూనె తీసిన సోయా పిండి) తీసేసి, అంతే పత్తి చెక్క వేస్తున్నాం. లైసిన్ (కోడి ఎదుగుదలకు కావాల్సిన అమైనో ఆమ్లం) సోయాలో 2.80 శాతం, చెక్కలో 1.65. ఆ తేడా పూడ్చడానికి 1.47 కిలోల లైసిన్ హెచ్‌సీఎల్ (విడిగా అమ్మే లైసిన్ పొడి) కలిపాం. కాగితం మీద అంతా సరిగ్గానే ఉంది. బరువు తగ్గింది, ఎఫ్‌సీఆర్ (కిలో బరువుకు తినే దాణా) పెరిగింది. తప్పెక్కడ?

జవాబు 1:
మీరు వేసింది మొత్తం లైసిన్ లెక్కండి. అందులో పేగు పీల్చుకునేదెంత? సోయాలో సుమారు 90 శాతం, పత్తి చెక్కలో 65 దగ్గర. నూనె తీసేటప్పటి వేడికి చెక్కలోని గాసిపాల్ అనే పదార్థం లైసిన్‌ను పట్టేసుకుంటుంది, ఇక వదలదు. జీర్ణమయ్యేది లెక్కేస్తే సోయాలో 2.52, చెక్కలో 1.07. 100 కిలోలకు 1.45 కిలోల తేడా. లైసిన్ హెచ్‌సీఎల్‌లో లైసిన్ 78 శాతం, అదంతా ఒంటబడుతుంది. 1.45ను 0.78తో భాగిస్తే 1.86 కిలోలు. అంటే టన్నుకు దాదాపు 400 గ్రాములు తక్కువ వేస్తున్నారు. త్రియోనిన్ (ఇంకో అమైనో ఆమ్లం) కూడా పడిపోయి ఉంటుంది, జీర్ణమయ్యే లైసిన్ 100 అయితే అది 66 దగ్గర ఉండాలి. చెక్కలో పీచు ఎక్కువ, ఎనర్జీ తక్కువ. ఎఫ్‌సీఆర్‌కు అదీ కారణమే.

జవాబు 2:
లెక్క బాగుంది గానీ, 65 అనేది పట్టికలో అంకె. మాడిన లోడుకు అది వర్తించదు. సోయాకు 90 కూడా అంతే. ల్యాబ్ రిపోర్టులో మొత్తం లైసిన్ బాగున్నా మోసపోవచ్చు: 110 డిగ్రీల దగ్గర 24 గంటలు యాసిడ్‌లో ఉడికిస్తే, చక్కెరతో అతుక్కుని పాడైన లైసిన్ కొంత విడిపోయి మంచిదానిలా కనిపిస్తుంది. సోయా సరిపడా ఉడికిందా అని చూసే యూరియేజ్ పరీక్షా మాడును పట్టదు, సున్నాకు చేరాక ఇంకేం చెబుతుంది! సోయాకు కేఓహెచ్ పరీక్ష పెట్టండి. 1.5 గ్రాముల మెత్తటి పొడిని 75 మి.లీ. 0.2 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో 20 నిమిషాలు తిప్పి, వడగట్టి, కరిగిన నైట్రోజన్ (దాన్నిబట్టే ప్రోటీన్ లెక్క) కొలవాలి. ప్రోటీన్‌లో 78–85 శాతం కరిగితే మంచి సరుకు. 70 దిగితే మాడినట్టే.

ప్రశ్న అడిగినవారు:
రెట్టలో మిగిలిన అమైనో ఆమ్లాలు కొలిస్తే జీర్ణశక్తి తెలియదా?

జవాబు 1:
తెలియదు. సీకాల్లోని (పేగు చివరి సంచుల్లోని) బ్యాక్టీరియా కొన్నింటిని తినేస్తుంది, కొన్నింటిని తయారుచేస్తుంది. అందుకే ఇలియం (చిన్నపేగు చివరి భాగం) చివర్న ఉన్న పదార్థం తీసి, దాణాలో కలిపిన, జీర్ణం కాని టైటానియం డయాక్సైడ్ గుర్తుతో పోల్చి, కోడి ఒంట్లోంచి సహజంగా వచ్చే వాటాను తీసేస్తారు. ఎస్‌ఐడీ (స్టాండర్డైజ్డ్ ఇలియల్ డైజెస్టిబిలిటీ) అంటే ఆ అంకే. ఫామ్‌లో అయ్యే పని కాదు, పట్టిక వాడుకోండి. ఒక్కటి చూసుకోండి: సరుకుల అంకెలు ఎస్‌ఐడీలోకి మార్చి, కోడి అవసరం మాత్రం పాత మొత్తం లెక్కలోనే ఉంచేస్తుంటారు. అప్పుడు లైసిన్ అవసరానికి మించి పోస్తారు.