అప్‌డేట్: చెల్లి ఉగాండా ప్రయాణం

పోయిన నెల అడిగాను కదా, టెక్కలిలో నర్సుగా చేస్తున్న మా చెల్లి ఒక క్రైస్తవ మిషన్ తరఫున ఉగాండాలో అనాథ పిల్లల హోమ్‌లో మూడు నెలలు సేవకు వెళ్తానంటోంది, ఏమేం చూసుకోవాలి అని.

“వాళ్లు నిజంగా అనాథలేనా, అడగండి” అని మీలో ఒకరు రాశారు. అప్పుడు ఒళ్లు మండింది గానీ, అడిగించాను. సగం మందికి పైగా తల్లో, తండ్రో, అమ్మమ్మో ఉన్నారట! స్కూలు ఫీజు కట్టలేక హోమ్‌లో వదిలారు. పేదరికం ఒక్కటే కారణంగా పిల్లల్ని ఇంటి నుంచి వేరు చేయకూడదని 2019లో ఐక్యరాజ్యసమితి తీర్మానం కూడా ఉంది.

పోలీస్ క్లియరెన్స్ (నేరచరిత్ర లేదని పోలీసులిచ్చే సర్టిఫికెట్) తేవాలా అని చెల్లి అడిగితే, ఆ హోమ్ వాళ్లు “అక్కర్లేదు సిస్టర్, ప్రార్థన చేసుకుని వచ్చేయండి” అన్నారు. పిల్లల మధ్యకు మనిషిని పంపుతూ అది అడగకపోవడమే నాకు టెన్షన్. ఆ హోమ్ వద్దనుకుంది.

ఇప్పుడు వేరే సంఘంతో వెళ్తోంది. వీళ్లు పిల్లల్ని తిరిగి బంధువుల ఇళ్లకు చేరుస్తారు. క్లియరెన్స్ వాళ్లే అడిగారు. ఎల్లో ఫీవర్ టీకా విశాఖలో వేయించుకుంది. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే పడాలి, మర్చిపోకండి.

అమ్మ రెండు కిలోల పలాస జీడిపప్పు సర్దింది. చెల్లి ఒక కిలో తీసేసి, ఆ చోట బీపీ మిషన్ పెట్టుకుంది.