ఆన్సా యాత్ర ప్రదర్శన, మార్చి 28: ఎవరు ఏ పని చూస్తున్నారు

సమన్వయం:
అందరికీ నమస్కారం. ప్రదర్శన మార్చి 28, శనివారం. 1776లో అదే తేదీన, వలస కుటుంబాలను కాలిఫోర్నియాకు నడిపించుకొచ్చిన స్పెయిన్ సైనికాధికారి హ్వాన్ బౌతీస్తా దె ఆన్సా, ఇప్పుడు శాన్ ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ వంతెన దక్షిణపు కొస ఉన్న గట్టు మీద శిలువ నాటించాడు. సరిగ్గా 250 ఏళ్లు. మన కూపర్టినో పిల్లలు రోజూ ఆయన పేరు పెట్టిన డి ఆంజా బులెవార్డ్ మీద తిరుగుతారు, స్టీవెన్స్ క్రీక్ పక్కన ఆడుకుంటారు. ఆ పేరు ఎవరిదో వాళ్లకు తెలియాలి. హాలు 60 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు. తాళాలు శుక్రవారం సాయంత్రం 5కి చేతికొస్తాయి, ప్రదర్శన రోజు రాత్రి 9కి తిరిగి ఇచ్చేయాలి. ఎవరి పని వివరాలు వాళ్లు ఇక్కడే రాయండి.

నేల పటం:
యాత్ర మొత్తాన్ని హాలు గోడల వెంబడి నేల మీద టేపుతో వేస్తున్నాం. రోజుకు 6 అంగుళాలు. తుబాక్ కోట (ఇప్పటి అరిజోనా) నుంచి బయలుదేరిన 1775 అక్టోబర్ 23 సున్నా. కొలరాడో నది దాటిన నవంబర్ 30 దగ్గర 19 అడుగులు. శాన్ గాబ్రియెల్ మిషన్ (లాస్ ఏంజెలెస్ దగ్గర స్పెయిన్ పాద్రీల మత స్థావరం) చేరిన జనవరి 4కి 36½. అక్కడి నుంచి కదిలిన ఫిబ్రవరి 21కి 60½. మాంటెరే, మార్చి 10, 69½. మన కూపర్టినో మకాం, మార్చి 25, 77. శిలువ నాటిన రోజు 78½.

1776 లీపు సంవత్సరం. ఫిబ్రవరికి 29 రోజులు లెక్కపెట్టండి, లేకపోతే మాంటెరే నుంచి అన్నీ అర అడుగు వెనక్కి జరుగుతాయి.

రెండు రంగులు కావాలి. నీలం ఆన్సాది, పచ్చ వలస కుటుంబాలది. మాంటెరే దాకా రెండూ పక్కపక్కనే నడుస్తాయి. అక్కడ పచ్చ ఆగిపోతుంది, ఎందుకంటే కుటుంబాలు అక్కడే ఉండిపోయాయి. ఆన్సా, పాద్రీ పేద్రో ఫోంత్, లెఫ్టినెంట్ మొరాగా కొద్దిమంది సైనికులతో మార్చి 23న శాన్ ఫ్రాన్సిస్కో కోటకు చోటు చూడటానికి ముందుకొచ్చారు. కుటుంబాలను మొరాగా జూన్ 17న బయలుదేరదీసి 27న శాన్ ఫ్రాన్సిస్కో చేర్చాడు. అంటే పచ్చ టేపు 119 అడుగుల దగ్గర మళ్లీ కదిలి 124 దగ్గర ముగుస్తుంది. అప్పటికి ఆన్సా ఇక్కడ లేడు, ఏప్రిల్‌లోనే మాంటెరే వదిలి వెనక్కి వెళ్లిపోయాడు.

60 గజాల పెయింటర్ టేపు రంగుకు ఒక చుట్ట చాలు. డక్ట్ టేపు ఎవరూ తేవద్దు, చెక్క నేలకు జిగురు అంటుకుంటే డిపాజిట్ పోతుంది. కొలత ప్రతిసారీ సున్నా నుంచే తీయాలి. ఒక గుర్తు నుంచి ఇంకో గుర్తుకు కొలుచుకుంటూ పోతే చివరికి తప్పు అడుగుకు పైనే తేలుతుంది. తలుపుల ముందు టేపు ఆపి, గడప దాటాక అదే అంకె నుంచి మొదలుపెట్టండి.

పిల్లల కృత్యాలు:
అన్నా, 36½ నుంచి 60½ దాకా 24 అడుగులు ఖాళీగా ఉంది కదా, అక్కడ ఏదైనా బొమ్మ పెట్టనా?

నేల పటం:
వద్దమ్మా, ఖాళీగానే ఉండనీ. అంతమంది 48 రోజులు ఎందుకు ఆగారని పిల్లలే అడగాలి. నవంబర్ 1775లో శాన్ డియేగో మిషన్ మీద అక్కడి ఆదివాసులు, కుమేయాయ్ ప్రజలు తిరగబడ్డారు. ఆ సంగతి తేల్చడానికి ఆన్సా అటు వెళ్లాడు, ఆయన వచ్చేదాకా కుటుంబాలు శాన్ గాబ్రియెల్‌లో ఎదురుచూశాయి. ఆ ఖాళీ మధ్యలో అర పేజీ కాగితం మీద ఈ ముక్క ఒక్కటే రాసి పెడదాం. మొత్తం పటంలో నాకు ముఖ్యమైన చోటు అదే. ఈ నేల అప్పటికే ఒకరిదని అక్కడ అర్థమవుతుంది.

బోర్డులు:
24×36 అంగుళాల ఫోమ్ బోర్డులు ఐదు. బోర్డుకు 120 మాటలు దాటనివ్వను. తెలుగుకు ఒత్తుల వల్ల వరసల మధ్య ఎడం ఎక్కువ కావాలి, 30 పాయింట్ల అక్షరానికి 1.4 పెట్టాను. ప్రింటు షాపుకు వర్డ్ ఫైలు పంపితే వాళ్ల కంప్యూటర్లో ఫాంటు లేక ‘స్త్రీ’, ‘క్ష’ విడిపోతాయి. ఫాంటు ఎంబెడ్ చేసిన పీడీఎఫ్ మాత్రమే పంపుదాం, ముందు ఒక్క బోర్డు తీయించి చూసుకుని మిగతావి ఇద్దాం.

విషయం ఇలా. ఒకటి: 1736లో మెక్సికో వైపు సొనోరాలోని ఫ్రంతేరాస్‌లో ఆన్సా పుట్టుక, తండ్రీ సైనికాధికారే, కొడుక్కి నాలుగేళ్లు నిండకముందే అపాచీ ఆదివాసులతో పోరులో చనిపోయాడు, కొడుకు 1760లో తుబాక్ కోటకు కెప్టెన్ అయ్యాడు. రెండు: 1774లో కాలిఫోర్నియాకు దారి వెతుకులాట. శాన్ గాబ్రియెల్ నుంచి పారిపోయి వచ్చిన సెబాస్టియన్ తారబాల్ అనే కొచిమీ తెగ మనిషి దారి చూపాడు, ఆయన పేరు పెద్ద అక్షరాల్లో ఉండాలి. మూడు: 1775–76 వలస. నాలుగు: కొలరాడో నది దాటించిన క్వెచాన్ తెగ నాయకుడు సాల్వడోర్ పాల్మా, 1781లో అదే క్వెచాన్‌లు తిరగబడటంతో ఆ దారి మూతపడటం. ఐదు: న్యూ మెక్సికో గవర్నరుగా 1779లో కొమాంచీ తెగ నాయకుడు కువెర్నో వెర్దేను ఓడించడం, 1786లో కొమాంచీలతో సంధి, 1788లో అరీస్పేలో మరణం.

రెండు మాటలు ఎక్కడా రాయొద్దు. ‘శాన్ ఫ్రాన్సిస్కో అఖాతాన్ని కనిపెట్టాడు’ అనేది తప్పు. ఓలోనీ ప్రజలు తరతరాలుగా ఇక్కడే ఉన్నారు, స్పెయిన్ వాళ్లలో కూడా 1769లో పోర్తోలా దండు ముందే చూసింది. ‘శాన్ ఫ్రాన్సిస్కోను స్థాపించాడు’ అనేదీ సరికాదు, ఆయన చోటు ఎంచాడు. కోట సెప్టెంబర్ 17న వెలిసింది, మొరాగా చేతుల మీదుగా.

పేరు బోర్డుల మీద ‘ఆన్సా’, కాలేజీ, రోడ్డు మాత్రం జనం పిలిచినట్టే ‘డి ఆంజా’. ఈ తేడా మొదటి బోర్డు కిందే ఒక వాక్యంలో చెప్పేస్తాను.

పిల్లల కృత్యాలు:
బొమ్మలు గీయించేటప్పుడు చూసుకోండి, పిల్లలు గూడుబండ్లు గీస్తారు. ఈ యాత్రలో బండ్లే లేవు. దాదాపు 240 మంది, అందులో సగానికి పైగా పిల్లలే, గుర్రాల మీదా కంచరగాడిదల మీదా, నడిచీ వచ్చారు. పిండి, చిక్కుళ్లు, చక్కెర, చాక్లెట్ అంతా కలిపి ఆరు టన్నులు రోజూ పొద్దున ఎక్కించడం, సాయంత్రం దించడం.

నా దగ్గర చెలమ ప్రయోగం ఉంది. ఎడారిలో ఆన్సా జనాన్ని మూడు జట్లుగా చేసి రోజు తేడాతో నడిపాడు, ఎందుకంటే ఒక జట్టూ దాని పశువులూ తాగేస్తే చెలమ మళ్లీ ఊరడానికి టైం పడుతుంది. అది చేతులతో చూపిద్దాం. ఐదు గ్యాలన్ల బకెట్, మధ్యలో నాలుగు అంగుళాల ప్లాస్టిక్ గొట్టం అడుగు పొడవు, దానికి 5 మిల్లీమీటర్ల బెజ్జాలు, చుట్టూ పల్చటి గుడ్డ, బయట కడిగిన ముతక ఇసుక. ఇసుక మీద నీళ్లు పోస్తే గొట్టంలోకి మెల్లగా ఊరుతాయి. మొదటి పిల్ల గ్లాసు ముంచుకుంటుంది, రెండోవాడు ఆగాల్సిందే. ఆటస్థలాల సన్న ఇసుక వాడితే గుడ్డ మూసుకుపోయి చుక్క రాదు. కంకర వాడితే వెంటనే నిండిపోయి చూపించడానికి ఏమీ మిగలదు. నిండిన బకెట్ 30 కిలోల దాకా తూగుతుంది, హాల్లోనే నింపాలి, కింద టార్పాలిన్ తప్పనిసరి.

సైనికుల వేషానికి పొరలు పొరలుగా కుట్టిన చేతుల్లేని తోలుకోటు, రెండు గుండ్రాలు కలిసిన ఆకారంలో డాలు. గోధుమ రంగు ఫెల్టు గుడ్డ, అట్ట చాలు. ఈటెలు వద్దు. ఆదివాసుల వేషం పిల్లలకు వేయొద్దు, ఈకల టోపీలు తేవద్దు.

వంట:
పినోలే ఇస్తున్నాను. మెక్సికో వైపు ప్రయాణాల్లో తాగే వేయించిన మొక్కజొన్న పిండి అది, మన తొలి ఏకాదశి పేలపిండికి దగ్గర చుట్టం. 150 మందికి, తలా 120 మిల్లీలీటర్లు: నీళ్లు 18 లీటర్లు, పిండి 3 కిలోలు, బెల్లం కిలో ముప్పావు, దాల్చినచెక్క పొడి 4 చెంచాలు. వాళ్ల పిలోన్సిల్యో మన బెల్లం లాంటిదే, ఇండియన్ స్టోరు బెల్లం సరిపోతుంది.

కొనేవాళ్లకు ఒక్క జాగ్రత్త. మనం ఇంట్లో కార్న్ ఫ్లోర్ అనేది తెల్లటి స్టార్చ్, అది పోస్తే జిగురవుతుంది. మెత్తటి పసుపుపచ్చ కార్న్‌మీల్ తేండి. మాసా పిండి (సున్నపు నీళ్లలో ఉడికించిన మొక్కజొన్న పిండి) కూడా కాదు, దానికి సున్నపు వాసన ఉంటుంది. అర కిలో చొప్పున సన్న సెగ మీద పావుగంట, చేయి ఆపకుండా వేయించాలి. కమ్మటి వాసన రాగానే వేరే గిన్నెలోకి తీసేయండి, బాణలి వేడికే మాడుతుంది. ముందు కొంచెం చల్లటి నీళ్లలో జారుగా కలిపి, తర్వాత మిగతా నీళ్లు, లేకపోతే ఉండలు కడుతుంది.

నడక:
ఉదయం 8:30కి మెక్లెలన్ రాంచ్ నుంచి వాగు వెంబడి. ఆ వాగే స్టీవెన్స్ క్రీక్, పాద్రీ ఫోంత్ డైరీలో శాన్ హోసే కూపర్టినో వాగు. ఊరికి పేరు దాన్నుంచే. అక్కడ పార్కింగ్ చాలా తక్కువ, కారుకు నలుగురికి తగ్గకుండా రండి. మూడేసి ఆకుల పాయిజన్ ఓక్ దారి పక్కనే ఉంటుంది, పిల్లలకు నిండు ప్యాంట్లు వేయండి. ముందురోజు వాన పడితే నడక మాని నేరుగా హాలుకే.

సమన్వయం:
ఓలోనీ వక్తకు గౌరవ పారితోషికం చెక్కు ముందే రాసి ఉంచాను, మాట్లాడే ముందే అందిస్తాం. మొదటి మాట వారిదే. శుక్రవారం 5కి టేపు వేయడానికి ఇంకా ఇద్దరు కావాలి, 100 అడుగుల కొలత టేపు ఉన్నవాళ్లు ఈ రాత్రికి చెప్పండి.