పని జరిగే చోట ‘ఓ మేజిక్ చెయ్ గురూ’ అంటే ఎప్పుడు ఒప్పుకోవాలి?

గంటస్తంభం (విజయనగరం):
హస్తలాఘవం తెలిసి, ఆఫీసులోనో ఫ్యాక్టరీలోనో ఉద్యోగం చేసేవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. పక్క సీటాయన ‘ఏదీ, ఓ మేజిక్ చెయ్ గురూ’ అంటే ఏం చెయ్యాలి? అడిగిన ప్రతిసారీ చెయ్యాలన్నది ఒక వాదన: కాదంటే బెట్టు చేస్తున్నాడంటారు, చేస్తే సాధనైనా అవుతుంది. ముందే చెప్పి కూర్చోబెట్టినప్పుడు తప్ప చెయ్యకూడదన్నది రెండో వాదన: అలుసైపోతాం, రేపట్నుంచి గారడీవాడి కింద జమ. మీరు ఎటు? ఎటైనా కారణం చెప్పండి.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):
చెయ్యాలి. అర నిమిషంలో అయిపోయేది, జేబులోంచి ఏమీ తియ్యక్కర్లేనిది ఒకటి సిద్ధంగా ఉంచుకుంటే సరి. రబ్బరు బ్యాండు లేని ఆఫీసుంటుందా? చూపుడువేలు, మధ్యవేలు రెండింటి మొదట్లోకి తొడుగు. అరచేతి వైపు కాస్త లాగి, పిడికిలి మూసేటప్పుడు నాలుగు వేళ్ల కొసలూ అందులోకి దూర్చు. చూసేవాళ్లకి కనిపించేది చేతి వెనక భాగమే. పిడికిలి తెరవగానే బ్యాండు ఉంగరపువేలు, చిటికెనవేలి మీదకి దూకుతుంది. సన్నటి బ్యాండు కావాలి. ఫైళ్లకి వేసే వెడల్పాటిది కణుపుల దగ్గరే ఆగిపోతుంది. ఎండకి పెళుసెక్కినదైతే తెగి ఎవరి కంటికో తగులుతుంది. ముందు లాగి చూసి మరీ తొడగండి.

మూడుముక్కలు (విజయనగరం):
బ్యాండు బాగానే ఉంది, రెండోసారి మాటేంటి? ‘ఇంకోసారి’ అనకుండా ఊరుకునే ఆఫీసు ఉత్తరాంధ్రలో లేదు. మొదటిసారి వేళ్లు చూసినవాళ్లు రెండోసారి అరచేయి చూస్తారు. పైగా సీటు వెనక బీరువా దగ్గర ఒకరు, పక్కన జిరాక్సు మిషను దగ్గర ఇంకొకరు నిలబడి ఉంటారు. సగం విద్యలు ఎదురుగా ఉన్నవాళ్ల కోసమే పుట్టినవి.

నాణెం తీసుకోండి. పది రూపాయల బిళ్ల 27 మిల్లీమీటర్లు. బొటనవేలి కింది కండకీ, చిటికెనవేలి కింది కండకీ మధ్య నొక్కితే అరచేతిలో నిలుస్తుంది. కానీ చేయి మరీ తడిగా ఉన్నా, మరీ పొడిగా ఉన్నా జారిపోతుంది. టైపు కొట్టీ కొట్టీ బిగుసుకున్న చేయి ఇంకా ఇబ్బంది: వేళ్లు చాచినట్టు నిలబడిపోతాయి, అక్కడే దొరికిపోతాం. పేకైతే మన సముద్రపు గాలికి రెండు వారాల్లో వంగిపోతుంది. ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని, రెంటిని ఒకటిగా ఎత్తబోతే మూడొస్తాయి. ప్లాస్టిక్ పేక తడికి తట్టుకుంటుందిగానీ జారుడెక్కువ, కావాల్సిన ముక్క గుర్తుకి కట్ట మధ్యలో చిటికెనవేలితో పట్టిన సందు నిలవదు. చిన్న వస్తువు దాచడానికి వేలికి తొడిగే నకిలీ బొటనవేలు సంగతి సరేసరి. అంగట్లో వచ్చేది గులాబీ రంగు. మన చామనచాయ చేతికి రంగు కలిపి వేసుకోకపోతే ట్యూబులైటు కింద అది వేలిలా ఉండదు, బొమ్మకి తొడిగినట్టుంటుంది. తయారీ లేకుండా చెయ్యకూడదనేది అందుకే. బెట్టు కాదది.

పైడిభీమవరం షిఫ్టు (రణస్థలం):
మీరిద్దరూ టేబుళ్ల దగ్గరే తిరుగుతున్నారు. మందుల కంపెనీలో ప్రొడక్షను లోపల ఈ ప్రశ్నే రాదు, రాకూడదు. గౌనుకి జేబులుండవు, ఉంగరాలకి అనుమతి ఉండదు. విద్యల కోసం మెజీషియన్లు పెట్టుకునే అయస్కాంతపు ఉంగరం వేసుకుని ఎలక్ట్రానిక్ కాటా దగ్గరకి వెళ్తే రీడింగు మారుతుంది, ఆ తూకం మీద బ్యాచ్ నడుస్తుంది. గుండెకి పేస్‌మేకర్ ఉన్న మనిషికి ఆ ఉంగరాన్ని కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి. ఎవరికి పెట్టారో మనకి తెలీదు, అడగం కూడా. ఇక ఫ్లాష్ పేపరు. అది నైట్రోసెల్యులోజ్. తడిగా దాచుకుని, ఆరబెట్టి, అంటిస్తే బూడిద కూడా మిగలకుండా మండిపోతుంది. అగ్గిపెట్టె గేటు దగ్గరే తీసుకునే సాల్వెంటు బ్లాకులోకి (ఇట్టే అంటుకునే ద్రావకాలుండే చోటు) దాన్ని తెచ్చేవాణ్ణి మెజీషియన్ అనరు.

నెల్లిమర్ల జనపనార మిల్లులాంటి చోట ఇంకో సంగతి. మేజిక్ అంటే ఎదుటివాడి చూపు పక్కకి లాగడం. ఆ చూపు నడుస్తున్న మగ్గం మీద ఉండాల్సిందైతే, ఎంత చక్కటి విద్యయినా వద్దు. పలాస జీడిపప్పు పిక్కల షెడ్డులో నాణెం ముట్టుకున్న చేత్తో పప్పు ముట్టుకోకూడదు, అంతే.

తెల్లకాగితం (శ్రీకాకుళం):
గవర్నమెంటు ఆఫీసుల మాట నేను కలుపుతాను. రిజిస్ట్రారు ఆఫీసులాంటి చోట పొద్దున్నే సొంత డబ్బు ఎంత తెచ్చుకున్నదీ రిజిస్టర్లో రాయాలి. అలాంటి సీట్లో కూర్చుని ఎవరి చెవి వెనకనుంచో అయిదొందల నోటు తీశారనుకోండి. తీసినవాడికి అది విద్య, సీసీ కెమెరా రికార్డు చూసేవాడికి అది వేరే. నోటుతో చేసేవి ఆఫీసులో పూర్తిగా మానండి. నాణేన్ని కోసి గుల్ల చేయడం కూడా వద్దు, 2011 నాణేల చట్టం నాణెం ధ్వంసం చేయడాన్ని నేరమంటోంది.

నాగావళి ఒడ్డు:
సరే, వస్తువే లేకుండా చేద్దాం. మూడంకెల సంఖ్య రాయమను, మొదటి అంకెకీ చివరి అంకెకీ తేడా ఉండాలి. తిరగేసి పెద్దదాంట్లోంచి చిన్నది తీసెయ్యమను. వచ్చినదాన్ని మళ్లీ తిరగేసి కూడమను. 1089 వస్తుంది. ముందే చీటీ మీద రాసి వాళ్ల చేతికే ఇవ్వు. వెనక ఎవరున్నా, చేతికి చెమట పట్టినా నష్టం లేదు. ఫోన్లో కూడా అవుతుంది.

మూడుముక్కలు:
423 రాశాడనుకో. తిరగేస్తే 324, తేడా 99. దాన్ని తిరగేసినా 99, కూడితే 198. చీటీ అబద్ధమైపోయింది. తేడా కనీసం రెండు ఉండాలని ముందే చెప్పాలి, లేదా 099 అని మూడంకెలుగా రాయించాలి. ఇంకో చిక్కు, రెండోసారి అడిగినా అదే 1089! కాబట్టి ఒక మనిషికి ఒక్కసారే. అయినా మీ మాటకి సగం ఒప్పుకుంటున్నా, ఇది సీట్లో కూర్చుని చేయొచ్చు. 21 ముక్కలు పరిచి, తలుచుకున్న ముక్క చెప్పే లెక్క మాత్రం తేకండి బాబూ. మూడుసార్లు పరిచేలోగా టీ చల్లారిపోతుంది, పదకొండో ముక్క అని అందరికీ తెలుసు కూడా.

కొండదారి (విజయనగరం):
ఫీల్డు డ్యూటీ మీద కొండ ఊళ్లకి వెళ్లే టీచర్లు, ఆరోగ్య సిబ్బంది మాటేమిటి? అక్కడ చిల్లంగి (చేతబడి) పెట్టారన్న అనుమానం మీద మనుషుల్ని కొట్టిన, చంపిన ఘటనలున్నాయి. ‘నీ మనసులో మాట చెప్తాను’ అనే విద్య అక్కడ అడిగినా చెయ్యకూడదు. చేస్తే గుట్టు విప్పి చెప్పాల్సిందే. మందార రేకులు రాసి ఆరబెట్టిన చాకుతో నిమ్మకాయ కోస్తే ఎర్రగా కారుతుంది. పులుపు తగిలి మందార రంగు ఎర్రబడుతుంది, రక్తం కాదు. ఇది పిల్లల చేతే చేయించాలి.

మూడుముక్కలు:
గుట్టు విప్పితే విద్య ఏం మిగుల్తుంది?

కొండదారి:
నిమ్మకాయ విద్య మెజీషియన్ల సొత్తు కాదు, భూతవైద్యులది. దాన్ని విప్పితే మీ పేకలకేం కాదు. మీ నాణెం గుట్టు మీరే ఉంచుకోండి.

తెల్లకాగితం:
ఇంకొకటి. పై అధికారి నలుగురి ముందు అడిగితే ఆయన్ని వాలంటీరుగా వాడకండి. ముక్క తప్పుగా చెప్పినట్టయితే ఆ నవ్వు ఆయన మీద పడుతుంది. పక్కనున్న అటెండరు చేతికీ ఇవ్వకండి, కాదనే వీలు ఆయనకి లేదు. ఎవరికీ ఇవ్వక్కర్లేని బ్యాండే మేలు.

గంటస్తంభం:
మరి పనిలో ఉండగా అడిగితే ఏమని తప్పుకోవాలి? ‘తర్వాత’ అంటే ఎవరూ నమ్మట్లేదు.

నాగావళి ఒడ్డు:
‘తర్వాత’ అనొద్దు. ‘నాలుగింటికి టీ దగ్గర’ అని వేళా చోటూ చెప్పు, అడక్కపోయినా ఆ వేళకి చెయ్యి. రెండుసార్లు అలా చేస్తే సీటు దగ్గర అడగడం వాళ్లే మానేస్తారు.

మూడుముక్కలు:
దీనికి నేనూ సరే. టీ కొట్టు దగ్గర గోడకి వీపు ఆనించి నిలబడితే వెనక చూపుల బెడద ఉండదు. ఎడమచేత్తో కప్పు పట్టుకో, నాణెం అదే చేతి వేళ్ల మడతలో ఉంచు. కప్పు పట్టుకున్న చేయి ముడిచి ఉన్నా ఎవరూ అనుమానించరు. గాజు గ్లాసు మాత్రం వద్దు, బిళ్ల తగిలి టింగుమంటుంది. పేపరు కప్పులో ఇమ్మను.