కంప్యూటర్ తేల్చిన ప్రధాన సంఖ్యను నిరూపితం అనవచ్చునా?

కాగితం_కలం: 2024 అక్టోబరులో ప్రకటించిన 2^136279841 − 1 అనే సంఖ్యను, అంటే 4,10,24,320 అంకెలున్న దానిని, అందరూ నిరూపితమైన ప్రధాన సంఖ్యగా రాస్తున్నారు. 1903లో గణితజ్ఞుడు కోల్ 2^67 − 1 కు 193707721, 761838257287 కారణాంకాలని చూపినప్పుడు, అనుమానం ఉన్నవారు కాగితం మీద గుణించి చూసుకోగలిగారు. ఇక్కడ మనిషి సరిచూడగలిగింది ఏముంది?

శేషం_సున్న: పద్ధతి ఉందండీ. ఇలాంటి సంఖ్యలకు వాడే లూకాస్–లేమర్ పరీక్షలో 4తో మొదలుపెట్టి, ప్రతిసారీ వర్గం చేసి 2 తీసివేసి, పరీక్షిస్తున్న సంఖ్యతో భాగించి శేషాన్ని ఉంచుకుంటాము. ఘాతాంకం కన్నా రెండు తక్కువ సార్లు ఇలా చేశాక సున్న వస్తే అది ప్రధాన సంఖ్య, రాకపోతే కాదు. 127కు, అనగా 2^7 − 1 కు, మీరే చేసి చూడండి: 4, 14, 67, 42, 111, 0. నిరూపణ ఆ సిద్ధాంతానిది, యంత్రానిది చాకిరీ మాత్రమే.

దారినపోయేవాడు: చివరి అంకె 1 అని నేను నోటిలెక్కతో చెప్పగలను. ఘాతాంకాన్ని 4తో భాగిస్తే 1 మిగులుతుంది కనుక ఆ ఘాతం 2తో ముగుస్తుంది. మిగతా నాలుగు కోట్ల సంగతి మీరు తేల్చుకోండి.

కాగితం_కలం: 127 పాఠం నాకు అక్కరలేదు. అక్టోబరు 11న డబ్లిన్‌లోని జీపీయూ, అంటే ఒకేసారి ఎన్నో లెక్కలు చేసే కంప్యూటర్ చిప్, ఫెర్మా పరీక్ష చేసి చెప్పింది ‘బహుశా ప్రధానం’ అని మాత్రమే. ఒక ఆధార సంఖ్య ఘాతాన్ని భాగించి శేషం చూసే ఆ పరీక్షలో ప్రధానం కానివీ నెగ్గవచ్చు: ఆధారంగా 2 తీసుకుంటే 341 కూడా నెగ్గుతుంది, అది 11 × 31. పదకొండో తేదీని ఆవిష్కరణ దినం అంటారా?

శేషం_సున్న: పదకొండు అని నేనెక్కడ అన్నాను? 12న అమెరికాలోని శాన్ ఆంటోనియోలో లూకాస్–లేమర్ పరీక్ష జరిగింది. వేరే ప్రోగ్రాములతో, వేరే హార్డ్‌వేర్ మీద మళ్లీ సరిచూశాకే 21న ప్రకటించారు.

సరిబేసి: దాన్ని 52వ మెర్సెన్ ప్రధానం (2 ఘాతంలోంచి 1 తీసివేస్తే వచ్చే ప్రధానం) అనకండి, తెలిసినవాటిలో 52వది అనండి. దీనికన్నా చిన్న ఘాతాంకాలన్నిటినీ రెండోసారి సరిచూడడం పూర్తి కాలేదు.

కాగితం_కలం: నేను పరిశోధనలో ఉన్న రోజుల్లో చేతితో రాసిన నిరూపణ తీసుకువెళితే, ‘ప్రోగ్రాం ఏదీ?’ అని అడిగి పక్కన పడేశారు. ఈ సంఖ్యను కనుగొన్న ల్యూక్ డ్యురాంట్ 17 దేశాల్లో వేల జీపీయూలు నడిపించగానే చరిత్రకెక్కారు. డబ్బు పెట్టడం ఎప్పటినుంచి గణితమైంది?

శేషం_సున్న: ఈ మాట ముందే అని ఉంటే తేదీల గొడవ తప్పేది. మీ అభ్యంతరం నిరూపణ మీద కాదు, పేరు ఎవరికి దక్కిందన్న దాని మీద. 1876లో లూకాస్ 39 అంకెల 2^127 − 1 ప్రధానమని తేల్చినప్పుడు ఆ చేతిలెక్కను ఎంతమంది తిరిగి చేసి చూశారు? ఇక గణితం ఎక్కడుందంటారా, అంత పెద్ద సంఖ్యల వర్గాన్ని ఫూరియే పరివర్తనమనే గణిత పద్ధతితో త్వరగా చేసే ప్రోగ్రాంను మిహాయ్ ప్రేదా రాశారు. డబ్లిన్‌లో జరిగిన తొలి పరీక్షలాంటి వాటిలో నడుమ దొర్లే యంత్రదోషాన్ని పట్టే ఉపాయం రాబర్ట్ గెర్బిచ్‌ది. ఇది గణితం కాదా?

కాగితం_కలం: ముమ్మాటికీ గణితమే. అయితే పత్రికల శీర్షికలలో ఆ ఇద్దరి పేర్లు ఎందుకు లేవో చెప్పండి, నేను విరమిస్తాను.