తపస్సు కాలంలో షిఫ్టు డ్యూటీలు: జపానికీ నిద్రకీ వేళ కుదిరేదెలా?

ఆకుపచ్చ_జపమాల:
ఆసుపత్రిలో నర్సు పని. డ్యూటీ వారం వారం మారుతుంది: ఉదయం 8 నుంచి 2, మధ్యాహ్నం 2 నుంచి 8, రాత్రి 8 నుంచి 8. ఇంట్లో పదో తరగతి అమ్మాయి ఉంది. 2027లో తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం ఫిబ్రవరి 10, అది ముగిసి వచ్చే ఈస్టర్ మార్చి 28. రోజూ జపమాల, ఒక అధ్యాయం బైబిలు వాక్యం, శుక్రవారం సిలువ మార్గం (యేసు శ్రమల ఘట్టాల ధ్యానం), తెల్లవారుజామున 4కి లేచి ప్రార్థన అని రాసుకున్నాను. లెక్కేస్తే నిద్రకి 5 గంటలే మిగులుతున్నాయి. వీటిలో ఏది తీసేయాలి? నైట్ డ్యూటీలో ఉపవాసం ఎలా?

గంట_మోగింది:
ముందు ఆ 4 గంటల లేవడం కొట్టేయండి సిస్టర్. సాయంత్రం డ్యూటీ చేసి వచ్చి 11కి పడుకునే మనిషి 4కి లేస్తే వారం తిరక్కముందే మోకాళ్ల మీదే కునుకు వస్తుంది. పైగా మందుల డోసులు చూసే చేతులు మీవి. 1 రాజులు 19 తీసి చూడండి. ఏలీయా చెట్టు కింద పడి నిద్రపోయాడు, దూత లేపి తినిపించింది, మళ్లీ పడుకున్నాడు, మళ్లీ తినిపించింది. నలభై రోజుల నడక ఆ తర్వాతే.

ప్రార్థనని గడియారానికి కాకుండా నిద్రకి ముడిపెట్టండి. "పొద్దున 6కి" అనుకుంటే నైట్ వారంలో మొత్తం తెగిపోతుంది. "లేచిన వెంటనే 10 నిమిషాలు" అనుకుంటే మధ్యాహ్నం 3కి లేచినా అది మీ ఉదయ ప్రార్థనే. పడక మీద కాదు, కుర్చీలో కూర్చోండి. భోజనం అయిన వెంటనే వద్దు, కళ్లు మూతపడతాయి.

జపమాల ఐదు గుర్తులూ (పదేసి పూసల వరసలు) ఒకే దఫా చెప్పాలని లేదు. ఒక్క గుర్తుకి మూడు నాలుగు నిమిషాలు. బస్సులో రెండు, యూనిఫాం ఇస్త్రీ చేస్తూ ఒకటి, మిగతావి అమ్మాయితో కలిసి పడుకునే ముందు. వాక్యం ఫోన్‌లో చదవకండి. వార్డు గ్రూపు మెసేజ్ ఒక్కటి చాలు, అధ్యాయం అక్కడే ఆగిపోతుంది. అధ్యాయం మొత్తం కాకపోయినా ఆ రోజు పూజలో చదివే సువిశేష పఠనం సరిపోతుంది.

ఒంటిపూట:
ఉపవాసం సంగతి. కతోలిక నియమం ప్రకారం ఉపవాస దినాలు రెండే: విభూది బుధవారం, శుభ శుక్రవారం (గుడ్ ఫ్రైడే). వయసు 18 నిండిన దగ్గర్నుంచి 59 నిండేదాకా. ఒక పూట కడుపునిండా, మిగతా రెండు పూటలు కొద్దిగా. ఆ రెండూ కలిపినా నిండు భోజనం కాకూడదు. మాంసం మానడం 14 ఏళ్లు నిండినవారికి, విభూది బుధవారానికీ తపస్సు కాలపు శుక్రవారాలన్నిటికీ. కాబట్టి అమ్మాయి మాంసం మానితే చాలు, పరీక్షల్లో పస్తు ఉండనక్కర్లేదు.

రోజు లెక్క అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి. మంగళవారం నైట్ ఎక్కితే 12 లోపు మామూలుగా తినొచ్చు. బుధవారం నైట్ ఉంటే నిండు భోజనం డ్యూటీకి వెళ్లే ముందు పెట్టుకోండి. మంచినీళ్లు ఎప్పుడూ మానొద్దు. షుగర్‌కి ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా పూట దాటించకూడదు. జబ్బుపడినవారికి, గర్భిణులకు సడలింపు ఉంది.

చాలామంది దెబ్బతినేది టీ దగ్గర. రోజుకి నాలుగు టీలు తాగి బుధవారం ఒక్కసారే మానేస్తే అదే రోజు తలనొప్పి మొదలై రెండో రోజుకి ముదురుతుంది. దాన్ని ఉపవాసం మీదికి నెడతారు! వారం ముందు నుంచే రెండు రోజులకో కప్పు తగ్గించండి.

లూథరన్_బెంచీ:
మా సంఘంలో జపమాల ఉండదు గానీ ఒక పద్ధతి మీకూ పనికొస్తుంది. బైబిలు కీర్తనల్లో పశ్చాత్తాప కీర్తనలు ఏడు: 6, 32, 38, 51, 102, 130, 143. విభూది బుధవారం నుంచి ఆ శనివారం దాకా ఒకటి, తర్వాతి ఆరు వారాలకు ఆరు. వారమంతా అదే కీర్తన, పైకి చదవాలి. 51 అయితే 19 వచనాలు, మూడు నాలుగు నిమిషాల పని. 130 ఎనిమిది వచనాలే, దాన్ని నైట్ వారానికి వాడుకోండి. పొడవైన 102 సెలవు ఎక్కువున్న వారానికి.

ఆకుపచ్చ_జపమాల:
అందరికీ వందనాలు. 4 గంటలది కొట్టేశాను. ఆదివారాల్లో కూడా ఇదంతా చేయాలా? సిలువ మార్గం గుడిలో సాయంత్రం 6కి, మధ్యాహ్నం డ్యూటీ వారాల్లో అందదు.

గంట_మోగింది:
విభూది బుధవారం నుంచి ఈస్టర్ ముందు రోజు పవిత్ర శనివారానికి 46 రోజులు. ఆరు ఆదివారాలు తీస్తేనే నలభై. ఆదివారం పూజకి వెళ్లండి, ఇంటికొచ్చి కూర వండుకుని తినండి, మధ్యాహ్నం పడుకోండి. వాయిదా పడిన జపాలన్నీ ఆ రోజు మీద వేయకండి.

సిలువ మార్గం ఇంట్లోనూ చేసుకోవచ్చు. 14 స్థలాలు, స్థలానికి రెండు నిమిషాలు, అరగంటలోపే. అదీ కుదరని శుక్రవారం 12వ స్థలం (యేసు సిలువ మీద మరణించడం) ఒక్కటి నిదానంగా ధ్యానించండి.

ఇంకోటి, పవిత్ర గురువారం నుంచి శనివారం రాత్రి జాగరణ దాకా డ్యూటీ మార్పిడి ఇప్పుడే అడిగి పెట్టుకోండి. మార్చిలో అడిగితే మీ వార్డులో సగం మంది అదే సెలవుకి వరసలో ఉంటారు. ఉగాదికి మీరు చేస్తామని చెప్తే ఎవరో ఒకరు ఒప్పుకుంటారు.