చిన్నపిల్లలను మాట్లాడించే ఆటలు: బడిలో ఏవి, ఇంట్లో ఏవి?

ప్రశ్న (నర్సరీ ఉపాధ్యాయిని)

నమస్కారం. నేను 3 నుంచి 5 ఏళ్ల లోపు పిల్లలకు బోధిస్తున్నాను. తరగతిలో 20 మందికి పైగా ఉన్నారు. కలిసి పాటలు పాడేటప్పుడు అందరి గొంతులూ వినిపిస్తాయి గాని, ఒక్కొక్కరినీ విడిగా పలకరిస్తే చాలామంది తల ఊపి ఊరుకుంటారు, లేదా ఒక్క మాటతో సరిపెడతారు. వారి తల్లిదండ్రులేమో ఇంట్లో వాళ్ల మాటలకు అంతు ఉండదని చెబుతారు. పదాల పట్టికలు బట్టీ పట్టించడం నాకు ఇష్టం లేదు. పెద్దగా సామగ్రి అక్కరలేకుండా, పిల్లలకు తమంతట తామే మాట్లాడాలనిపించే ఆటలు ఏవైనా సూచించగలరా? కొన్నింటిని తల్లిదండ్రులకు కూడా చెప్పాలని ఉంది; అయితే సాయంత్రం అలసిపోయి ఇల్లు చేరేవారిని మళ్లీ పాఠం చెప్పమని అడగలేను.

సమాధానం 1 (స్పీచ్ థెరపిస్ట్)

ఇంట్లో ధారాళంగా మాట్లాడే పిల్లవాడు బడిలో ముడుచుకుపోతున్నాడంటే, ముందుగా మనం అడిగే ప్రశ్నలను పరిశీలించాలి. ‘ఇదేమిటి?’, ‘ఇది ఏ రంగు?’ అని అడిగినప్పుడు జవాబు మనకు ముందే తెలుసన్న సంగతి పిల్లవాడికీ తెలుసు. అలాంటి ప్రశ్న పరీక్షలాగే తోస్తుంది కనుక, తప్పు చెబుతానేమోనని సంకోచించే పిల్లలు నోరు విప్పరు. ఆట ఏదైనా సరే, పెద్దలకు తెలియని విషయం ఒకటి పిల్లవాడి దగ్గర ఉండాలి. అప్పుడే అతనికి చెప్పవలసిన అవసరం కలుగుతుంది.

ఇందుకు నేను అన్నిటికన్నా ఎక్కువగా నమ్మేది అడ్డుతెర ఆట. ఇద్దరు పిల్లలను ఎదురెదురుగా కూర్చోబెట్టి, మధ్యలో ఒక పెద్ద పుస్తకాన్ని నిలబెట్టండి. ఇద్దరికీ ఒకే రకమైన బొమ్మలు ఇవ్వండి: ఒక పెట్టె, ఒక బంతి, ఒక కారు, ఒక పిల్లి బొమ్మ. ఒకరు తమ బొమ్మలను ఇష్టమొచ్చినట్లు అమర్చి, అవతలివారు చూడకుండానే అదే విధంగా అమర్చేలా మాటలతో చెప్పాలి. ‘అక్కడ పెట్టు’ అంటే అవతలివారికి అర్థం కాదు కాబట్టి, ‘పెట్టె వెనక’, ‘కారు పక్కన’, ‘బంతి మీద’ వంటి మాటలు ఆట అవసరంగానే బయటికి వస్తాయి. చివరికి పుస్తకం తీసి రెండు అమరికలనూ పోల్చి చూసుకుంటారు; ఎక్కడ తేడా వచ్చిందో వారే కనిపెడతారు, మనం దిద్దనక్కరలేదు. 3 ఏళ్ల వారికి రెండు బొమ్మలు చాలు, వారితో మొదట మీరే జతగా ఆడండి. 5 ఏళ్లకు దగ్గరపడిన వారు నాలుగైదు బొమ్మలతో కూడా ఆడగలరు.

మరొక విషయం మీ మౌనానికి సంబంధించినది. 1970లలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు సైన్సు తరగతులను పరిశీలించి, ఉపాధ్యాయులు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను పాటు మాత్రమే ఆగుతున్నారని, ఆ విరామాన్ని 3 సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవవుతున్నాయని, మాట్లాడనివారు కూడా మాట్లాడుతున్నారని చూపించారు. నర్సరీ పిల్లలకు ఇంకా ఎక్కువ వ్యవధి కావాలి. మనసులో నెమ్మదిగా అయిదు లెక్కపెడుతూ, ముఖంలో ఆసక్తి తగ్గకుండా ఎదురుచూడండి.

పిల్లవాడు ‘కుక్క పరిగెత్తాడు’ అంటే, తప్పని చెప్పి మళ్లీ అనిపించవద్దు. ‘అవును, కుక్క పరిగెత్తింది, ఎంత వేగంగా పరిగెత్తిందో!’ అని సరైన రూపాన్ని మీ మాటలో కలిపి, మరొక ముక్క జోడించి తిరిగి ఇవ్వండి. అతని మాట ఆగిపోదు, సరైన రూపమూ చెవిన పడుతుంది.

సమాధానం 2 (తోటి ఉపాధ్యాయిని)

అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టే ఆటలో ఒక్కొక్కరికీ వంతు వచ్చేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. నలుగురైదుగురి చొప్పున జట్లు చేయండి. ఒక జట్టుతో మీరు కూర్చుంటే మిగతావారు బొమ్మలతో ఆడుకోవచ్చు. ఈ ఒక్క మార్పు లేకపోతే ఎంత మంచి ఆట అయినా మాట్లాడేవారి చేతుల్లోనే ఉండిపోతుందని నా గట్టి అభిప్రాయం.

ధ్వనులతో ఆడే ఆటలను కూడా వదలకండి. పిల్లల పేర్లతో మొదలుపెట్టి, ఒక్కో అక్షరానికి ఒక్కో చప్పట కొట్టించండి. తెలుగులో మాటను అక్షరాలుగా విడదీయడం చెవికి సులువు కనుక, 4 ఏళ్ల పిల్లలు దీన్ని త్వరగా పట్టుకుంటారు. అది కుదిరాక ‘పలకలో ప తీసేస్తే ఏం మిగులుతుంది?’ వంటి చిక్కుల్లోకి వెళ్లవచ్చు. తెలిసిన పాటను చివరి మాట దగ్గర ఆపేస్తే, ఎంత మౌనంగా ఉండే పిల్లలైనా దాన్ని పూర్తి చేయకుండా ఉండలేరు. డాక్టరు ఆట, బస్సు ఆట వంటివి ఆడేటప్పుడు మీరు రోగిగానో ప్రయాణికురాలిగానో ఉండండి. అధికారం వారి చేతికిస్తే ఆజ్ఞలు, ప్రశ్నలు వాటంతటవే పుడతాయి.

సమాధానం 3 (ఒక తండ్రి)

ఇంటి సంగతి నేను చెబుతాను. ఉతికిన బట్టలు మడతపెట్టడం, స్నానం, నిద్రకు ముందు బొమ్మల పుస్తకం: ఈ మూడు సందర్భాలు మాకు చాలు. బట్టల దగ్గర మా అమ్మాయి ఏది ఎవరిదో చెప్పి విడదీస్తుంది. నేను కావాలనే నా చొక్కా తనదని వాదిస్తే, కాదని నిరూపించడానికి పెద్ద పెద్ద వాక్యాలే చెబుతుంది.

పుస్తకం విషయంలో ఒక పద్ధతి మాకు బాగా ఉపయోగపడింది. 1988లో వైట్‌హర్స్ట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ప్రచురించిన అధ్యయనంలో, రెండు మూడేళ్ల వయసు పిల్లల తల్లిదండ్రులకు చదివే తీరును మార్చుకోవడం నేర్పితే, నెల రోజులలోనే ఆ పిల్లలు మాటల్లో ముందంజ వేశారు. కథను ఏకధాటిగా చదివి వినిపించడానికి బదులు, బొమ్మను చూపి ‘ఇక్కడ ఏం జరుగుతోంది?’ అని అడిగి, పిల్లలు చెప్పినదానికి కొంత చేర్చి, క్రమంగా వారినే కథకులను చేయడం దాని సారం. ఆ సమయంలో ఫోను పక్కన పెడతాం. 2 నుంచి 4 ఏళ్ల పిల్లలు రోజుకు గంటకు మించి తెర ముందు కూర్చోకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. వీడియో ఎంత బాగున్నా, పిల్లవాడు చెప్పేది విని బదులు పలకదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. అడ్డుతెర ఆటను ఈ వారమే మొదలుపెడతాను. థెరపిస్ట్ గారిని మరొక మాట అడగాలి. ఒక బాబు ‘రైలు’ను ‘లైలు’ అంటాడు, మరొక పాప మొదటి అక్షరం దగ్గర తడబడుతుంది, ఇంకొకరి ఇంటి భాష వేరు. ఆటలతో సరిపెట్టవచ్చా, వైద్యుల దగ్గరికి పంపాలా?

సమాధానం 1 ఇచ్చినవారు

‘ర’ ఆలస్యంగా స్థిరపడే ధ్వనులలో ఒకటి. ఈ వయసులో అదొక్కటే అయితే వేచి చూడవచ్చు. అయితే 4 ఏళ్లు నిండిన పిల్లల మాట కొత్తవారికి చాలావరకు అర్థం కావాలి, 3 ఏళ్లు దాటినవారు రెండు మూడు మాటలు కలిపి మాట్లాడాలి. అలా లేకపోతే మొదట వినికిడి పరీక్ష చేయించమని చెప్పండి, ముఖ్యంగా తరచూ చెవి నొప్పి, జలుబు వచ్చే పిల్లలకు.

తడబాటు 2 నుంచి 5 ఏళ్ల మధ్య ఎక్కువగా మొదలవుతుంది, ఎక్కువమందిలో తగ్గిపోతుంది. ‘మెల్లగా చెప్పు’ అనకుండా, ఆమె మాటను మధ్యలో అందుకోకుండా, చెబుతున్న విషయంపైనే దృష్టి పెట్టండి. నెలల తరబడి కొనసాగినా, మాట కోసం ముఖం బిగించి ప్రయాసపడినా, తప్పక నిపుణులకు చూపించాలి. ఇంటి భాష వేరు కావడం వల్ల మాట ఆలస్యం కాదు. ఆ భాషను మానుకోమని తల్లిదండ్రులకు ఎవరూ సలహా ఇవ్వకూడదు.

ఇంట్లో చక్కగా మాట్లాడుతూ, బడిలో ఎవరితోనూ ఒక్క మాటైనా మాట్లాడని పిల్లలు ఉన్నారేమో కూడా గమనించండి. బడిలో చేరిన మొదటి నెలను విడిచిపెట్టి, ఆ తరువాత కూడా నెలకు మించి అదే స్థితి కొనసాగితే, అది సెలెక్టివ్ మ్యూటిజం కావచ్చు. దానికి మూలం మొండితనంలో కాక ఆందోళనలో ఉంటుంది. అటువంటి పిల్లలను బతిమాలవద్దు, బహుమతులు ఆశ చూపవద్దు. అడ్డుతెర ఆటలో బొమ్మను వేలితో చూపినా వంతు పూర్తయినట్లే లెక్కించి, తల్లిదండ్రులతో మాట్లాడి నిపుణుల దగ్గరికి పంపండి.