మహమ్మారి రోజుల్లో తుపాను వస్తే షెల్టర్ ఏర్పాట్లు ఎలా?

ఉప్పుటేరు:
మాది సముద్రం పక్క పంచాయతీ. లోతట్టులో 160 కుటుంబాలు, సుమారు 640 మంది. ఊళ్ళో ఒక తుపాను షెల్టర్, ఒక హైస్కూలు ఉన్నాయి. విపత్తు ప్రణాళిక తిరగరాస్తూ, కరోనా లాంటిది నడుస్తుండగా తుపాను వస్తే ఏం చేయాలన్న దగ్గర ఆగిపోయాం. పాత కాగితంలో షెల్టర్ సామర్థ్యం 500 అని ఉంది. దూరం పాటిస్తే ఎంతమంది పడతారు? ముందే ఎవరెవరితో మాట్లాడి పెట్టుకోవాలి?

కరకట్ట:
ఆ 500 మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంటే పట్టే లెక్క. మామూలు రోజుల్లోనే మనిషికి 3.5 చదరపు మీటర్లు ఉండాలంటారు. టేపు పట్టుకుని కొలవండి. 15 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు హాలైతే 150 చదరపు మీటర్లు, అంటే 42 మంది. నడవడానికి దారి వదిలితే 36కి దిగుతుంది. కుటుంబాన్ని ఒక యూనిట్‌గా తీసుకుని సున్నంతో గళ్ళు గీయండి. ఇంట్లో వాళ్ళ మధ్య దూరం అక్కర్లేదు, గడికీ గడికీ మధ్య ఉంటే చాలు.

ఈ లెక్కన 640 మందికి 2,240 చదరపు మీటర్లు కావాలి. 6×8 తరగతి గదిలో మూడు కుటుంబాలకు మించి పట్టవు, కాబట్టి 54 గదులు. ఏ ఊళ్ళోనూ అన్ని ఉండవు. పైగా 2020 మేలో అంఫన్ వచ్చినప్పుడు ఒడిశా, బెంగాల్‌లలో కొన్ని షెల్టర్లు, బడులు అప్పటికే క్వారంటైన్ కేంద్రాలుగా ఉన్నాయి. కాబట్టి షెల్టర్‌కి వచ్చేవాళ్ళ సంఖ్య తగ్గించడమే మీ అసలు పని. మెరకలో ఉన్న గట్టి డాబా ఇళ్ళ జాబితా రాయండి. ఒక డాబాకి ఒకే కుటుంబం, ఎవరు ఎవరింటికో పేర్లతో సహా. చుట్టరికం ఉంటే సులువు. గుడిసెలు, రేకుల ఇళ్ళవాళ్ళలో ఎక్కడా చోటు దొరకనివాళ్ళకే షెల్టర్.

పద్దుపుస్తకం:
డాబాల జాబితా బాగుంది, కానీ అది వారానికోసారి మారాలి. పాజిటివ్ వచ్చిన ఇంటిని ఆశా కార్యకర్త కొట్టేయాలి, అరవై దాటినవాళ్ళున్న ఇంటికి బయటివాళ్ళను పంపకూడదు.

మనుషుల సంగతి. 2020లో ఆంధ్రలో సర్పంచులే లేరు. 2018 ఆగస్టులో పదవీకాలం ముగిసింది, ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో జరిగాయి. మధ్యలో ప్రత్యేకాధికారులే. ఇల్లిల్లూ తిరిగింది 50 ఇళ్ళకొకరు చొప్పున వాలంటీర్లు, ఆశాలు. ఇప్పుడు వాలంటీర్లు లేరు కాబట్టి ఆ 50 ఇళ్ళ పని డ్వాక్రా సంఘాలకు రాసివ్వండి, ఫలానా వీధి ఫలానా సంఘానిది అని. మత్స్యకారుల వాడలో కుల పెద్దల మాట లేకుండా పడవ ఒడ్డుకి రాదు, మనిషి ఇల్లు కదలడు. వాళ్ళను మొదటి సమావేశానికే పిలవండి.

ఫంక్షన్ హాలు, చర్చి, జనరేటర్, చెట్లు కోసే రంపం, జేసీబీ: ఒక్కోదానికి ఒక పేజీ ఒప్పందం చాలు. అద్దె ఎంత, డీజిల్ ఎవరిది, బిల్లు ఎవరిస్తారు, తాళం రెండోది ఎవరి దగ్గర. ఎక్కువగా చెడేది తాళం దగ్గరే. జనరేటర్ అయితే ఆ రోజుకి ఇంకెక్కడో పెళ్ళికి పోయి ఉంటుంది. 10 కేవీఏది గంటకు సుమారు 2 లీటర్లు తాగుతుంది, రెండు రోజులకు 100 లీటర్లు ముందే తెచ్చుకోండి, కరెంటు పోతే బంకు కూడా ఆగిపోవచ్చు. వాతావరణ శాఖ 48 గంటల ముందు అలర్ట్ ఇస్తుంది, తాళాలూ డీజిలూ అప్పటికే చేతిలో ఉండాలి. 24 గంటల హెచ్చరిక రాగానే వీధి తర్వాత వీధిని కదపండి. అందరినీ ఒకేసారి పిలిస్తే గేటు దగ్గరే గుంపవుతుంది.

మందులపెట్టె:
షెల్టర్ గేటు బయటే టెంటు వేసి, వచ్చినవాళ్ళను అక్కడే పరీక్షించండి. జ్వరం, దగ్గు ఉన్నవాళ్ళకు వేరే భవనం, వేరే మరుగుదొడ్డి. అదే హాల్లో పరదా కట్టి సరిపెట్టకండి. ఎవర్నీ వెనక్కి పంపొద్దు, పంపితే నేరుగా గుడిసెకే పోతాడు. వానలో తడిసి వచ్చినవాళ్ళ వేళ్ళు చల్లబడి ఆక్సీమీటర్ (వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసేది) తక్కువ చూపిస్తుంది. చెయ్యి రుద్ది వెచ్చబడ్డాక మళ్ళీ చూడండి. అప్పుడూ 94 కన్నా తక్కువుంటే రోడ్డు తెగకముందే ఆసుపత్రికి పంపాలి.

కాన్సన్‌ట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే యంత్రం) కరెంటు పోతే పనిచేయదు. పక్కన బి-టైపు ఆక్సిజన్ సిలిండర్ ఉంచండి. అందులో 1,500 లీటర్లు, నిమిషానికి 5 లీటర్ల చొప్పున 5 గంటలు వస్తుంది.

బ్లీచింగ్ పౌడర్ (30 శాతం క్లోరిన్‌ది) లీటరుకి 33 గ్రాములు కలిపితే నేల తుడవడానికి 1 శాతం ద్రావణం. తాగే నీళ్ళకైతే 1,000 లీటర్లకు 2.5 గ్రాములు, అరగంట ఆగాలి. బురద నీళ్ళయితే ముందు పటిక వేసి తేర్చండి, లేకపోతే క్లోరిన్ అంతా బురదకే సరిపోతుంది. తేమ తగిలిన పౌడర్‌కి బలం ఉండదు. మరుగుదొడ్డి యాసిడ్‌తో మాత్రం ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు వస్తుంది. మాస్కులు తడుస్తాయి, మనిషికి కనీసం మూడు.

ఉప్పుటేరు:
డాబా ఇళ్ళు 70 దాకా ఉండొచ్చు, ఆ లెక్క మొదలుపెడతాం. హైస్కూలు తాళాలు సర్పంచ్ అడిగితే ఇస్తారా?

పద్దుపుస్తకం:
అడిగితే ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు. 2020 ఏప్రిల్‌లో ఒడిశా తన సర్పంచులకు పంచాయతీ పరిధిలో కలెక్టర్ అధికారాలిచ్చింది, మన దగ్గర అలాంటిది లేదు. తహసీల్దారుతో ఉత్తర్వు రాయించుకుని, ఒక ప్రతి హెడ్మాస్టరుకి, ఒకటి వాచ్‌మన్‌కి ఇవ్వండి. బడి సెలవుల్లో తాళం ఎవరి దగ్గరుంటుందో కూడా అందులోనే రాయించండి.